కార్బరేటర్ ఇంజన్ ఎక్కిస్తున్నారా? పెట్రోల్ పంపు సంగతి ముందే తేల్చుకోండి

విజయవాడ ఆటోనగర్‌లో జీపుకి ఎస్టీమ్ ఇంజన్ ఎక్కించుకున్న ఎవరినైనా కదపండి, మౌంటింగులు ఎక్కడ వెల్డింగ్ చేయించాడో, బెల్ హౌసింగ్ అడాప్టర్ ఏ లేత్ షాపులో తీయించాడో, ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎంత కోయించాడో అరగంట చెప్తాడు. ట్యాంకు నుంచి కార్బరేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజన్‌కి ఇచ్చేది) దాకా పెట్రోల్ ఎలా వస్తోందంటే మాత్రం "ఏదో పంపు పెట్టారన్నా" అంటాడు. ఆ ఏదో పంపే మే నెల మధ్యాహ్నం బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర బండిని నిలబెట్టేస్తుంది.

పాత జీపుకో, జిప్సీకో, అంబాసిడర్‌కో, పద్మినికో వేరే కార్బరేటర్ ఇంజన్ వేస్తూ పంపు దగ్గర ఎటూ తేల్చుకోలేకపోతున్నవాళ్ళ కోసం ఇది. దారులు ఇవి: ఇంజన్ మీదే ఉండే మెకానికల్ పంపు (షెడ్లలో ఏసీ పంపు అనేది దీన్నే), ట్యాంకు దగ్గర పెట్టే చిన్న లో-ప్రెషర్ ఎలక్ట్రిక్ పంపు, ప్రెషర్ తగ్గించే రెగ్యులేటర్‌తో పెద్ద రోటరీ పంపు, ఎంపీఎఫ్ఐ (కార్బరేటర్ లేకుండా పెట్రోల్‌ని ఇంజెక్టర్లతో చల్లే పద్ధతి) బండి ట్యాంకులో ఉండే పంపునే ప్రెషర్ తగ్గించి వాడుకోవడం, చివరిగా మెకానికల్, ఎలక్ట్రిక్ రెండూ కలిపి. నా ఓటు ఎటో ముందే చెప్పేస్తా. ఇంజన్ మీద పంపు కూర్చునే చోటు ఉంటే ఏసీ పంపు, లేకపోతే ట్యాంకు పక్కన చిన్న ఎలక్ట్రిక్ పంపు, ఈ రెండిట్లో ఏది పెట్టినా ట్యాంకుకి రిటర్న్ లైన్ (మిగిలిన పెట్రోల్‌నీ ఆవిరినీ వెనక్కి పంపే పైపు). మిగతా వాటికి వెళ్ళాలంటే గట్టి కారణం ఉండాలి.

## పంపు కొనేముందు చూడాల్సినవి

ప్రెషర్. కార్బరేటర్ ఫ్లోట్ చాంబర్‌లోకి వచ్చే పెట్రోల్‌ని ఆపేది ఒక చిన్న నీడిల్. ఫ్లోట్ తేలి ఆ నీడిల్‌ని సీటుకి నొక్కుతుంది, దాని బలం అంతే. పంపు ప్రెషర్ ఆ బలాన్ని మించితే నీడిల్ లేచిపోతుంది, కార్బరేటర్ ఓవర్‌ఫ్లో అవుతుంది. అలా పొంగిన పెట్రోల్ వేడి మ్యానిఫోల్డ్ మీద పడితే మంట, సిలిండర్లలోకి దిగితే గోడల మీద ఆయిల్ కడుక్కుపోయి రింగులు అరుగుతాయి, సంపులోకి (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే చోటు) చేరితే ఆయిల్ పలచబడుతుంది. మారుతి, పద్మిని లాంటి బండ్లతో వచ్చే చిన్న మికుని, సోలెక్స్ రకాలకి 2 నుంచి 4 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) చాలు. ఎస్‌యూ గానీ వెబర్ సైడ్ డ్రాఫ్ట్ గానీ పెట్టుకుంటే 3 చుట్టుపక్కల ఆగితే మేలు. అమెరికన్ హోలీ కార్బరేటర్లు 5 నుంచి 7 దాకా తట్టుకుంటాయి గానీ మనవాళ్ళలో అవి పెట్టేది ఎంతమంది? ఇప్పుడు ఎంపీఎఫ్ఐ పంపు సంగతి చూడండి, అది ఇచ్చేది సుమారు 3 బార్, అంటే 43 పీఎస్ఐ. పది రెట్లకు పైనే.

ఎంత పెట్రోల్ కావాలి. దీని గురించి అనవసరంగా టెన్షన్ పడతారు. ఫుల్ రేస్‌లో ఒక హార్స్‌పవర్‌కి గంటకి సుమారు 225 గ్రాముల పెట్రోల్ అనుకోండి, లీటరు బరువు ముప్పావు కిలోకి కాస్త తక్కువ. 60 హార్స్‌పవర్ ఇంజన్‌కి గంటకి 18, 19 లీటర్లు, అంటే నిమిషానికి 300 మిల్లీలీటర్లు. 85 హార్స్‌పవర్ అయినా గంటకి 26 లీటర్లే. మార్కెట్‌లో దొరికే అతి చిన్న కారు పంపు కూడా దీనికి రెండు మూడు రెట్లు పోస్తుంది. కాబట్టి "పెద్ద పంపు వెయ్యి, పికప్ వస్తుంది" అనేవాళ్ళ మాట వినొద్దు. ఎక్కువ పోసే పంపు పికప్ పెంచదు, ఓవర్‌ఫ్లో పెంచుతుంది.

వేడి. మన ఊళ్ళలో అసలు పరీక్ష ఇక్కడే. పెట్రోల్ నీళ్ళలా ఒకే వేడి దగ్గర మరిగేది కాదు, అందులోని తేలిక భాగాలు 35, 40 డిగ్రీల దగ్గరే ఆవిరవడం మొదలెడతాయి. రోహిణి కార్తెలో విజయవాడ, గుంటూరుల్లో గాలే 44, 45కి పోతుంది, ఇక బానెట్ కింద ఎంతుంటుందో వేరే చెప్పాలా. దీనికి తోడు పీల్చే పైపులో ప్రెషర్ తగ్గుతుంది, ప్రెషర్ తగ్గితే పెట్రోల్ ఇంకా తక్కువ వేడికే ఆవిరవుతుంది. ఇంజన్ మీది పంపు ముందు కూర్చుని వెనక ట్యాంకు నుంచి పైపు పొడుగునా పీల్చాలి. ట్యాంకు దగ్గరి పంపు మాత్రం పీల్చేది జానెడే, మిగతాదంతా నెట్టడమే, నెట్టే పైపులో ప్రెషర్ ఉంటుంది కాబట్టి ఆవిరి అంత తేలిగ్గా పుట్టదు. మెకానిక్కులు ఎయిర్ లాక్ అంటూ పంపు మీద తడిగుడ్డ కప్పేది ఈ ఆవిరి గురించే. పరిగెత్తేటప్పుడు కంటే ఆపి పది నిమిషాల తర్వాత మళ్ళీ స్టార్ట్ చేసినప్పుడే ఇది ఎక్కువ బయటపడుతుంది, ఎందుకంటే అప్పుడు ఫ్యాన్ గాలీ లేదు, పైపులో పెట్రోల్ కదలికా లేదు, ఇంజన్ వేడంతా పంపుకి ఎక్కుతుంది.

ఇంజన్‌కి చోటుందా. ఏసీ పంపు లివర్‌ని కదిపేది క్యామ్ షాఫ్ట్ (వాల్వులు తెరిచే కడ్డీ) మీది లోబ్ అనే ఉబ్బు. ముందునుంచీ కార్బరేటర్‌తో వచ్చిన ఇంజన్‌కి ఆ లోబూ ఉంటుంది, పంపు బిగించే ఫేసూ ఉంటుంది. ఎంపీఎఫ్ఐగా పుట్టిన ఇంజన్‌కి కార్బరేటర్ మ్యానిఫోల్డ్ కడుతున్నారంటే జాగ్రత్త: ఫేస్ అసలు ఉండకపోవచ్చు, ఉండి బ్లాంక్ ప్లేట్ వేసి ఉండొచ్చు, ప్లేట్ విప్పితే లోపల లోబ్ లేకపోనూ వచ్చు. ఇంజన్ కొనేటప్పుడే అక్కడ వేలు పెట్టి చూసుకోండి.

కరెంటు. ఆల్టర్నేటర్ ఉన్న బండికి ఏ పంపైనా లెక్కలోది కాదు. ఇంకా డైనమోతో నడుస్తున్న పాత బండి అయితే రాత్రిపూట హెడ్‌లైట్లు, వైపర్‌తోపాటు ఎంపీఎఫ్ఐ పంపు నాలుగైదు ఆంపియర్లు లాగుతుంటే ఐడ్లింగ్‌లో బ్యాటరీ దిగిపోతుంది. చిన్న పంపు ఒకటి రెండు ఆంపియర్లతో సరిపెట్టుకుంటుంది. పాత బ్రిటిష్ డిజైన్ కార్లలో కొన్నిటికి పాజిటివ్ ఎర్త్ ఉంటుంది, పంపు వైర్లు కలిపేముందు అది కూడా చూసుకోవాలి.

## ఒక్కోదాని సంగతి

### ఇంజన్ మీది ఏసీ పంపు

దీనికి వైరింగ్ లేదు, ఫ్యూజు లేదు, ప్రెషర్ ఆ కార్బరేటర్‌కి సరిపడేట్టు కంపెనీవాళ్ళు పెట్టిందే. ఇంజన్ ఆగితే పంపు కూడా ఆగుతుంది, యాక్సిడెంట్ అయినా పైపు తెగినా పెట్రోల్ పోస్తూ కూర్చోదు. మారుతి 800 ఎఫ్8బీ, కార్బరేటర్ జిప్సీ లాంటి సుజుకి ఇంజన్ల పంపుకి మూడు గొట్టాలుంటాయి: ఒకటి ట్యాంకు నుంచి, ఒకటి కార్బరేటర్‌కి, మూడోది రిటర్న్. ఆ మూడోదాన్ని బోల్టు కొట్టి మూసేసిన బండ్లు ఎన్నో కనిపిస్తాయి. ట్యాంకుకి ఇంకో పైపు లాగే ఓపిక లేక చేసే పని అది, వేసవిలో ఎయిర్ లాక్ అవుతోందని అనే బండ్లలో ముందు చూడాల్సింది ఇదే.

దీని బలహీనత డయాఫ్రమ్, అంటే పెట్రోల్‌ని లాగి నెట్టే రబ్బరు పొర. 2025 నాటికి మన బంకుల్లో దొరికేది దాదాపు అంతా ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. పాతకాలం రబ్బరు దాన్ని ఓర్చుకోలేదు, ఉబ్బుతుంది లేదా గట్టిపడి చీలుతుంది. చీలితే పెట్రోల్ నేరుగా సంపులోకి దిగుతుంది. డిప్‌స్టిక్ తీసి వాసన చూస్తే తెలిసిపోతుంది, లెవెల్ పెరిగి ఉంటే ఇక స్టార్ట్ చేయకండి. స్క్రాప్ ఇంజన్‌తో వచ్చిన పంపుని అలాగే బిగించకుండా ఇథనాల్‌కి పనికొచ్చే డయాఫ్రమ్ ఉన్న కొత్తది తీసుకోండి.

ఇంకొకటి, పంపుకీ బ్లాకుకీ మధ్య ఉండే మందపాటి నల్ల ప్యాకింగ్. అది పారేసి పలచటి కాగితం ప్యాకింగ్ వేస్తే రెండు నష్టాలు: ఇంజన్ వేడి నేరుగా పంపుకి ఎక్కుతుంది, లివర్ స్ట్రోక్ మారి లివరో లోబో అరుగుతుంది. మందం ఎంత ఉందో అంతే వెయ్యాలి.

వారాల తరబడి నిలబెట్టే బండికి ఈ పంపు కాస్త విసుగు. ఫ్లోట్ చాంబర్ ఆరిపోయి ఉంటుంది, అది నిండేదాకా సెల్ఫ్ కొడుతూనే ఉండాలి.

### ట్యాంకు పక్కన చిన్న ఎలక్ట్రిక్ పంపు

చదరపు డబ్బాలా ఉండి టిక్ టిక్ మని కొట్టుకునే సాలినాయిడ్ పంపు. ఫేసెట్ వాళ్ళది పాత పేరు, ఆ తరహావి ఇంకా చాలా వస్తున్నాయి. కొనేటప్పుడు డబ్బా మీద ప్రెషర్ చదవండి, ఒకే ఆకారంలో 1.5 నుంచి 4 పీఎస్ఐ ఇచ్చేవీ ఉంటాయి, 4 నుంచి 7 ఇచ్చేవీ ఉంటాయి. మనకి మొదటిది. రెండోది తెచ్చి తర్వాత రెగ్యులేటర్ కొనుక్కోవడం రెండు ఖర్చులు.

ఇది నెట్టడంలో గట్టిది, పీల్చడంలో కాదు. అందుకని ట్యాంకు అడుగుకి సమానంగా లేదా ఇంకా కిందగా, సైలెన్సర్‌కి దూరంగా, రబ్బరు బుష్‌ల మీద బిగించాలి. చాలామంది వైరు దగ్గరవుతుందని ఫైర్‌వాల్ మీద పెడతారు, అప్పుడు ఎలక్ట్రిక్ పంపు పెట్టి కూడా ఏసీ పంపు కష్టాలన్నీ మళ్ళీ తెచ్చుకున్నట్టే. పంపుకి ముందు జల్లెడ లాంటి ముతక ఫిల్టర్, పంపు తర్వాత కార్బరేటర్ ముందు సన్నటి ఫిల్టర్. ముందే సన్నటిది పెడితే చెత్త పట్టగానే పంపు పీల్చలేక ఆవిరి మింగుతుంది.

ఎండలో ట్రాఫిక్‌లో పాకేటప్పుడు దీనికి ఇంకో మేలుంది. ఏసీ పంపు ఇంజన్ రేస్‌ని బట్టి పోస్తుంది, ఐడ్లింగ్‌లో మెల్లగా. ఇది రేస్‌తో సంబంధం లేకుండా ఒకే జోరు. నష్టం ఒక్కటే, ఇంజన్ ఆగినా కీ ఆన్‌లో ఉంటే ఇది ఆగదు. దాని మందు, అంటే కటాఫ్, కింద వైరింగ్ దగ్గర చెప్తా, అది చేయించలేని వాళ్ళు ఈ పంపు పెట్టొద్దు.

### రోటరీ పంపు, రెగ్యులేటర్

హోలీ రెడ్ లాంటివి గంటకి 300 లీటర్ల పైన పోస్తాయి, ప్రెషర్ 7 పీఎస్ఐ దాకా. పెద్ద వీ8లకీ రేస్ బండ్లకీ చేసినవి. మన 1.3, 1.8 లీటర్ల ఇంజన్లకి ఇది పిల్ల కాలువకి ప్రకాశం బ్యారేజీ గేటు ఎత్తడం. పైగా శబ్దం ఎక్కువ, ఆర్డరు పెట్టి తెప్పించుకోవాలి, రెగ్యులేటర్ తప్పనిసరి. జంట వెబర్లు, ట్యూనింగ్, ట్రాక్ అనుకునేవాళ్ళు తప్ప మిగతావాళ్ళు వదిలేయండి.

### ఎంపీఎఫ్ఐ ట్యాంకు పంపునే వాడుకోవడం

ఎంపీఎఫ్ఐ జిప్సీలోనో అలాంటి బండిలోనో కార్బరేటర్ ఇంజన్ వేస్తున్నవాళ్ళకి ఇది నోరూరిస్తుంది: పంపు ట్యాంకులోనే ఉంది, వైరింగ్ ఉంది, శబ్దం లేదు, పెట్రోల్‌లో మునిగి ఉంటుంది కాబట్టి పీల్చే సమస్యే లేదు. కానీ 43ని 3కి దించాలి. అందుకు బైపాస్ రెగ్యులేటర్ కావాలి, అంటే మిగిలిన పెట్రోల్‌ని వెనక్కి పంపేది. అడ్డుపెట్టి ఆపే మామూలు రకం రెగ్యులేటర్ ఇంత ప్రెషర్ ముందు నిలవదు, ఐడ్లింగ్‌లో మెల్లగా జారుతూ ప్రెషర్ పెరిగిపోతుంది, నీడిల్ లేస్తుంది. రిటర్న్ పైపు కూడా వెడల్పుగా ఉండాలి, ఇరుకైతే ఆ అడ్డే ప్రెషర్‌గా మారి రెగ్యులేటర్ దించలేదు.

ఇంకో చిక్కు, పంపు పోసేదాంట్లో ఇంజన్ తాగేది కొంచెమే, మిగతాదంతా బానెట్ దాకా వెళ్ళి వేడెక్కి ట్యాంకుకి తిరిగొస్తుంది. ట్యాంకు రిజర్వ్‌లో ఉండి ఎండలో గంట నడిపితే ట్యాంకంతా వెచ్చబడుతుంది. పైపులన్నీ హై ప్రెషర్‌వే ఉండాలి, ఒక్క చోట మామూలు హోస్, మామూలు క్లిప్ వేసినా అక్కడే ఊడుతుంది. ముందుముందు ఎలాగూ ఇంజెక్షన్‌కి వెళ్తాను, ఈలోపు కార్బరేటర్‌తో నడుపుకుంటాను అనేవాళ్ళకే ఇది లాభం.

### రెండూ కలిపి

ఏసీ పంపు ఉంచి, ట్యాంకు దగ్గర చిన్న ఎలక్ట్రిక్ పంపుని స్విచ్‌తో సాయంగా పెట్టడం. ఉదయం చాంబర్ నింపడానికి, ఎండలో ఎయిర్ లాక్ అయితే నెట్టడానికి బాగా పనికొస్తుంది. ఎలక్ట్రిక్ పంపు ఆగి ఉన్నప్పుడు కూడా పెట్రోల్‌ని తనగుండా పోనిచ్చే రకం కావాలి, చదరపు డబ్బావి చాలావరకు పోనిస్తాయి, రోటరీవి పోనివ్వవు. భయం ఒకటుంది: ఏసీ పంపు డయాఫ్రమ్ చీలి ఉంటే ఎలక్ట్రిక్ పంపు ట్యాంకు పెట్రోల్‌ని సంపులోకి పంపుతుంది. డిప్‌స్టిక్ వాసన చూసే అలవాటు లేనివాళ్ళకి ఇది వద్దు.

| ఏది | ప్రెషర్ | ఎండకి | తప్పనిసరిగా కావాల్సింది |
|---|---|---|---|
| ఏసీ పంపు | కార్బరేటర్‌కి సరిపోతుంది | మధ్యస్థం, రిటర్న్ ఉంటే మేలు | క్యామ్ లోబ్, కొత్త డయాఫ్రమ్ |
| చిన్న ఎలక్ట్రిక్ | 1.5–4 పీఎస్ఐ రకం | మంచిది | రిలే, కటాఫ్ |
| రోటరీ | 7 దాకా | మంచిది | రెగ్యులేటర్, కటాఫ్ |
| ఎంపీఎఫ్ఐ పంపు | 43 దాకా | ట్యాంకు వేడెక్కుతుంది | బైపాస్ రెగ్యులేటర్, వెడల్పు రిటర్న్ |
| రెండూ కలిపి | సరిపోతుంది | అన్నిటికంటే మంచిది | డయాఫ్రమ్ మీద నిఘా |

## మీ బండి ఏది?

డీజిల్ జీపుకి పెట్రోల్ ఇంజన్ వేస్తున్నవాళ్ళకి ఒక అదృష్టం ఉంది, డీజిల్ ట్యాంకుకి రిటర్న్ పైపు ముందే ఉంటుంది. దాన్ని మూసేయకండి. కార్బరేటర్ ముందు టీ జాయింట్ వేసి, రిటర్న్ వైపు సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న ముక్క పెడితే ఆవిరి అటు పోతుంది, ప్రెషర్ ఇటు నిలుస్తుంది. రిటర్న్ ట్యాంకుకే వెళ్ళాలి, పంపు పీల్చే పైపులో కలపకూడదు. ట్యాంకు మాత్రం దించి కడిగించాల్సిందే, అడుగున పేరుకున్న జిడ్డుని ఇథనాల్ పెట్రోల్ కరిగించి కార్బరేటర్ జెట్లలోకి (పెట్రోల్ వచ్చే సన్నటి రంధ్రాలు) తెస్తుంది. సీజే3బీ లాంటి జీపులో ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉంటుంది, అందుకని పైపు దూరం తక్కువ, లోబ్ ఉంటే ఏసీ పంపే హాయిగా లాగుతుంది.

జిప్సీకి ఎస్టీమ్ కార్బరేటర్ ఇంజన్ వేసేవాళ్ళు ఆలోచించక్కర్లేదు, సుజుకి ఏసీ పంపు, మూడు గొట్టాలూ కలిపి. కొండవీడు ఘాట్‌లో ఫస్ట్ గేర్‌లో పాకించడం, కొండపల్లి వైపు మట్టి దారులు ఎక్కడం అలవాటైతే చిన్న ఎలక్ట్రిక్ పంపు సాయంగా చేర్చండి.

అంబాసిడర్‌కి 1.8 ఇసుజు ఇంజన్ వేసుకునే గుంటూరు పెద్దలకి నా మాట కాస్త వేరు. ట్యాంకు వెనక డిక్కీలో, ఇంజన్ ముందు, మధ్యలో పైపు చాలా దూరం. ఏసీ పంపు నడుస్తుంది, దశాబ్దాలు నడిచింది కూడా, కానీ తడిగుడ్డ డిక్కీలో పెట్టుకునే నడిచింది. పెళ్ళిళ్ళకీ ఆదివారాలకీ మాత్రమే తీసే బండి అయితే ట్యాంకు పక్కన ఎలక్ట్రిక్ పంపే పెట్టండి, కీ తిప్పి నాలుగు క్షణాలు ఆగితే చాంబర్ నిండుతుంది.

## వైరింగ్, పైపులు

ఎలక్ట్రిక్ పంపుని నేరుగా ఇగ్నిషన్ స్విచ్‌కి కలపొద్దు. బ్యాటరీ నుంచి ఫ్యూజు, అక్కడి నుంచి రిలే (కొద్ది కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్, ఆఫ్ చేసే స్విచ్), రిలే నుంచి పంపు. ఆ రిలేని ఆన్‌లో ఉంచేది ఇంజన్ నడుస్తోందన్న సాక్ష్యం అయి ఉండాలి: ఆయిల్ ప్రెషర్ స్విచ్ గానీ, కాయిల్ పల్స్ చూసి పనిచేసే రిలే గానీ. కాయిల్ పల్స్ రకాల్లో చాలావాటికి కీ తిప్పగానే పంపుని కొన్ని క్షణాలు నడిపే ఏర్పాటు ఉంటుంది, పైన అంబాసిడర్‌కి చెప్పింది అదే. ఆయిల్ స్విచ్ పద్ధతిలో సెల్ఫ్ కొట్టేటప్పుడు స్టార్టర్ వైరు నుంచి కరెంటు అందేట్టు ఇంకో దారి ఇవ్వాలి, లేకపోతే స్టార్టే అవ్వదు. గుద్దుకున్నప్పుడు ఆపేసే ఇనర్షియా స్విచ్ కూడా వరుసలో పెడితే ఇంకా మంచిది. పాత కార్బరేటర్ ఎల్‌పీజీ కిట్లలో వచ్చే పెట్రోల్ సాలినాయిడ్ వాల్వ్ దొరికితే వదలకండి, కరెంటు పోగానే పైపు మూసేస్తుంది.

హోస్ మీద ఎస్ఏఈ జే30 ఆర్9 అని ఉన్నది తీసుకోండి. ఆర్7 కూడా కార్బరేటర్ ప్రెషర్‌కి ఆగుతుంది, కానీ ఇథనాల్‌కి ఆర్9 ఎక్కువ కాలం నిలుస్తుంది. నీళ్ళ పైపు, వాషర్ పైపు అస్సలు వద్దు. ఛాసిస్ పొడుగునా ఇనుప పైపు వేసి, రెండు చివర్లా మాత్రమే రబ్బరు వాడండి, మ్యానిఫోల్డ్ దగ్గర నుంచి పోయే చోట హీట్ స్లీవ్ తొడగండి. ఈ20తో మిశ్రమం 8 శాతం దాకా లీన్ (గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ) అవుతుంది కాబట్టి పంపు అంతా సరిగ్గా ఉన్నా జెర్క్ కొడుతుంటే మెయిన్ జెట్ వైపు చూడండి, పంపుని తిట్టకండి.

కాగితాల మాట కూడా: మోటారు వాహనాల చట్టం 1988 సెక్షన్ 52 కింద ఇంజన్ మార్పుకి, అందులోనూ డీజిల్ నుంచి పెట్రోల్‌కి మారితే, రిజిస్ట్రేషన్ అధికారి అనుమతి కావాలి, ఆర్‌సీలో ఎక్కాలి. పని మొదలెట్టకముందే రవాణా ఆఫీసుకి వెళ్ళి కనుక్కోండి.

బిగించాక పరీక్ష షెడ్డు బయట, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, పక్కన అగ్నిమాపక సిలిండర్ పెట్టుకుని చేయండి. కార్బరేటర్ దగ్గర పైపు ఊడదీసి కొలత ఉన్న సీసాలో పెట్టి ఎలక్ట్రిక్ పంపు ఒక్క నిమిషం నడపండి, 60 హార్స్‌పవర్ ఇంజన్‌కి అర లీటరు దాటితే చాలినంత. తర్వాత పైపు తిరిగి బిగించి, టీ జాయింట్‌తో గేజ్ పెట్టి ఐడ్లింగ్‌లో చూడండి. మికుని, సోలెక్స్ కార్బరేటర్‌కి ముల్లు 4 దాటితే రెగ్యులేటర్ వేసేదాకా బండిని రోడ్డెక్కించొద్దు, 2 లోపే ఉంటే ముందు ఫిల్టర్, ట్యాంకు మూత గాలి రంధ్రం, పంపుకి అందే వోల్టేజీ ఈ వరుసలో చూసి, ఆ తర్వాతే పంపు మార్చండి.